ఒర లేని కలం

వడ్రంగి పనిచేస్తూ వుండగా చూచినవారికి ఒక సంగతి తెలిసే వుంటుంది. ఉలి, బాడిస, రంపం సంచిలో వుంటాయి; పెన్సిలు మాత్రం చెవిమీద వుంటుంది. గీత గీయవలసి వచ్చినప్పుడు చేయి తనంతట తానే చెవి దగ్గరకు పోతుంది. పెన్సిలు ఎక్కడ పెట్టానా అని అతడు వెదకడు. వెదకవలసి వస్తే, గీయడం మాని కంటితోనే కొలత వేసి కోస్తాడు, చెక్క పాడవుతుంది. వ్రాత సాధనానికి నియతమైన చోటు వుండడం పనిలో ఒక భాగమని ఆ వడ్రంగికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ చిన్న సూత్రాన్ని ఈనాటి మడత ఫోనులకు అన్వయించి చూడాలని నా ఉద్దేశం.

మడత ఫోను పుస్తకంవలె తెరిచి మూసేది. మూసినప్పుడు జేబులో ఇముడుతుంది. తెరిచినప్పుడు దాని లోపలి తెర చిన్న నోటుపుస్తకపు పుటంత అవుతుంది. శామ్‌సంగ్ సంస్థ 'గెలాక్సీ ఫోల్డ్' అనే పేరుతో ఇటువంటి ఫోనును 2019లో విడుదల చేసినది. 2021లో వచ్చిన మూడవ ఫోల్డుతో లోపలి తెరమీద కలంతో వ్రాసే వీలు కల్పించినది. అయితే ఆ కలాన్ని పెట్టుకోవడానికి ఫోనులో ఒర లేదు. కలాన్ని వేరుగా కొనాలి. వెంట వుంచుకోదలిస్తే కలానికి చోటున్న కవరును కూడా కొనాలి. 2023లో మునుపటికంటే సన్నని కలాన్ని తయారుచేసినది గాని, దానికీ కవరే గతి అయినది. చివరకు 2025 జూలైలో వెలువడిన ఏడవ ఫోల్డులో ఆ వ్రాసే వీలునే తీసివేసినది.

కాబట్టి ప్రశ్న ఇది: మడత ఫోనులోపలనే కలానికి ఒర వుండవలెనా, అక్కరలేదా? వుండవలెననే నా అభిప్రాయం. ఒర లేని కలం ఎంత మంచిదైనా కొన్నాళ్లకు కనబడకుండా పోతుంది. కలం కనబడని తెర ఎంత పెద్దదైనా చూడడానికే గాని వ్రాయడానికి పనికిరాదు.

లక్షన్నర రూపాయలకు మించిన వెలగల వస్తువును గూర్చి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఎందుకీ చర్చ అని కొందరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కాని ఫౌంటెన్ పెన్నూ, చేతిగడియారమూ ఒకప్పుడు సంపన్నుల ఇండ్లలోనే వుండేవి. తరువాత బడిపిల్లల చేతికి వచ్చినవి. మడత ఫోను కూడా ఒకనాటికి అట్లాగే దిగివస్తే రావచ్చును. అప్పటికి దాని రూపం స్థిరపడిపోయి వుంటుంది. అందులో వ్రాతకు చోటు వున్నదా లేదా అనేది ఇప్పుడే తేలుతున్నది. తేలిన తరువాత విచారించి లాభం లేదు.

వ్రాతకు చోటు ఎందుకు కావాలో తెలుగు తరగతి నుండే ఒక ఉదాహరణ తీసుకుంటాను. పద్యానికి గణవిభజన చేయడం ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసిన పని. పాదాన్ని వ్రాసి, ప్రతి అక్షరం నెత్తిన గురువుకు గిన్నెవంటి గుర్తునూ, లఘువుకు నిలువుగీతనూ పెట్టాలి. గణాలను విడదీసి పేర్లు వ్రాయాలి. యతిస్థానాన్ని చుట్టి చూపాలి. మీటలు నొక్కి ఈ పని చేయబూనిన వారికి దాని బాధ తెలుసు. అక్షరం ఒకచోట వుంటే గుర్తు మరొకచోటికి పోతుంది. కలం చేతిలో వుంటే అది రెండు నిమిషాల పని. మరి వ్రేలితో వ్రాయరాదా అంటే, వ్రేలి కొన అక్షరంకంటే లావైనది. వ్రాస్తూ వున్న అక్షరాన్నే అది కప్పివేస్తుంది. ఒత్తులకూ, వలపలగిలకకూ, సుడి తిరిగే మన అక్షరాలకూ మొన కావాలి.

వ్రాసే పలక, వ్రాసే మొన, ఆ మొనకు చోటు: ఈ మూడింటినీ కలిపి ఆలోచించడం కొత్త కాదు. ప్రాచీన ఈజిప్టు లేఖకుల చేతిలో సన్నని పొడవాటి కొయ్యపలక వుండేది. దానిలో నల్ల సిరాకూ ఎర్ర సిరాకూ రెండు గుంటలు, రెల్లు కలాలను దూర్చుకొనడానికి నడుమ ఒక గాడి. మడిచే పలక కూడా నిన్న మొన్నటిది కాదు. తుర్కీ దక్షిణ తీరాన ఉలుబురున్ అనేచోట సముద్రంలో మునిగిన ఓడ ఒకటి దొరికినది. అది క్రీస్తుపూర్వం 14వ శతాబ్ది నాటిది. దానిలో దంతపు కీళ్లతో పుస్తకంవలె మడిచే కొయ్యపలక వున్నది. లోపలి వైపున మైనం పోసి, దానిమీద మొనతో వ్రాసేవారు.

అంత దూరం పోనక్కరలేదు. తాటాకుమీద వ్రాసిన మన పెద్దల గంటాన్నే చూడవచ్చును. దక్షిణదేశంలో మడిచే గంటాలు కూడా వుండేవి. ఒకే పిడికి ఒక కొన ఆకును కోసే కత్తి, మరొక కొన వ్రాసే మొన. పని ముగియగానే మడిస్తే పిడిలోనికి పోయేవి. తమిళులు దీనిని 'మడక్కెళుత్తాణి' అన్నారు. మడిచే గంటమని అర్థం. మా తరం పిల్లల పలకను తలచుకొన్నా ఇదే బుద్ధి కనబడుతుంది. చట్రానికి కన్నం పెట్టి, బలపాన్ని దారంతో దానికి కట్టి బడికి పంపిన తల్లులు వున్నారు. బలపం పోగొట్టుకున్న పిల్లవాడు పలక వున్నా వ్రాయడని వారికి తెలుసు.

ఈ బుద్ధి ఫోనులు చేసేవారికి తెలియనిది కాదు. 1996లో వచ్చిన 'పామ్ పైలట్' అనే చేతి యంత్రానికి వెనుకనే కలపు ఒర వుండేది. 2007లో ఐఫోనును లోకానికి చూపిన స్టీవ్ జాబ్స్, కలం ఎవరికి కావాలని ఎగతాళి చేశాడు. దానిని తీసి పెట్టడమూ, పోగొట్టుకోవడమూ ఆయనకు నచ్చలేదు. అయితే ఆయన గతించిన తరువాత, 2015లో, ఆపిల్ సంస్థయే ఐపాడ్‌కు పెన్సిలును తెచ్చినది. మొదట దానికి చోటు లేదు. 2018 నాటి రెండవ పెన్సిలు అయస్కాంతంతో ఐపాడ్ అంచునే అంటుకొని నిలుస్తుంది. అనగా వారు కలాన్ని ఒప్పుకొన్న మూడేండ్లకు దాని చోటును కూడా ఒప్పుకొన్నారు.

శామ్‌సంగ్ చరిత్ర ఇంకా స్పష్టమైన పాఠం. 2011 నాటి మొదటి 'నోట్' ఫోనులోనే కలానికి ఒర వున్నది. ఆ వరుస 2020తో ఆగినది. 2021 జనవరిలో వచ్చిన ఎస్ 21 అల్ట్రా కలాన్ని స్వీకరించేది గాని దానికి ఒర లేదు. మరుసటి యేటనే ఎస్ 22 అల్ట్రాలో ఒర తిరిగి వచ్చినది. కలాన్ని బయట పెట్టి చూచిన సంస్థ ఏడాది దాటగానే దానిని మళ్లీ ఇంటిలోనికి పిలుచుకొన్నది. అల్ట్రా విషయంలో నేర్చిన ఈ పాఠం ఫోల్డు విషయంలో ఎందుకు మరచిపోవలెనో నాకు బోధపడదు.

ఇక ప్రతిపక్షం మాట విందాము. వారి వాదంలో బలం లేకపోలేదు. కలం వ్రాయాలంటే తెర కింద ఒక పలుచని పొర వుండాలి. అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కలంలోని తీగచుట్ట ఆ క్షేత్రం నుండే శక్తిని గ్రహించి, తానెక్కడ వున్నదో, ఎంత ఒత్తిడి పడుతున్నదో తెలుపుతుంది. అందుచేత వ్రాయడానికి కలంలో బ్యాటరీ అక్కరలేదు. కాని ఆ పొర మందాన్ని పెంచుతుంది. దాన్ని తొలగించడం వల్ల కలిగిన లాభం కంటికి కనబడేదే. 2024 నాటి ఆరవ ఫోల్డు మూసినప్పుడు 12.1 మిల్లీమీటర్ల మందం, 239 గ్రాముల బరువు, ఏడవది 8.9 మిల్లీమీటర్లు, 215 గ్రాములు. తెరిచినప్పుడు ఏడవ ఫోల్డు మందం 4.2 మిల్లీమీటర్లే. అల్ట్రా ఫోనుల ఒరలో వుండే కలం అడ్డుకొలత 5.8, 4.35 మిల్లీమీటర్లు. ఫోనే కలంకంటే పలుచనైనది! ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు, ఇంత పలుచదనమూ కలమూ ఒకచోట ఇమడవు.

ఈ లెక్కను నేను కాదనను. అయితే లెక్క చెప్పేది ఖరీదును మాత్రమే. ఆ ఖరీదు చెల్లించవచ్చునా కూడదా అన్నది వేరే విచారణ. కలాన్ని లోపల పెట్టాలంటే ఒక్కొక్క సగం సుమారు ఆరు మిల్లీమీటర్లు కావలసి రావచ్చును, మూస్తే పన్నెండు. అది 2024లో జనం జేబులలో మోసిన మందమే. ఒరకోసం బ్యాటరీలో కొంత చోటు వదులుకోవాలి, అదీ నిజమే. కాని కలాన్ని వేరే కవరులో మోసేవారు అంతకంటే ఎక్కువ మందాన్నే మోస్తున్నారు గదా! ఒర మూలంగా నీరు చొరబడుతుందనే భయానికి, ఒర వుండి కూడా నీటిని తట్టుకొంటున్న అల్ట్రా ఫోనులే సమాధానం. 2015లో ఒక నోట్ ఫోనులో కలాన్ని తిరగవేసి దూర్చితే ఇరుక్కొనిపోయేది. 2016 నాటి కలపు కొనను మార్చి ఆ ఇబ్బందిని తప్పించారు. ఒరలోని లోపాన్ని దిద్దవచ్చును. ఒర లేకపోవడాన్ని దేనితోనూ దిద్దలేము.

మడత ఫోనుకు ఒర మరింత అవసరమనడానికి ఇంకొక కారణం వున్నది. దాని లోపలి తెర వంగవలసినది గనుక, మామూలు ఫోను అద్దంవలె గట్టిది కాదు. అందుకే 2021లో ఫోల్డుకోసం ప్రత్యేకంగా చేసిన కలపు మొన ఒత్తిడి ఎక్కువైతే లోనికి పోతుంది. వేరే కలాలను ఆ తెరపై వాడరాదని హెచ్చరించారు కూడా. అనగా ఈ కలం పోతే పక్కవారి కలం అడిగి వ్రాసుకోవడానికి లేదు. అరువు దొరకని సాధనాన్ని దాచుకొనే చోటు చూపకుండా ఇవ్వడం వివేకం కాదు.

నా సహోద్యోగి ఒకరు రెండేండ్ల క్రిందట మడత ఫోనును, కలాన్ని, కవరును కొన్నారు. మొదటి నెలలో విద్యార్థుల వ్యాసాలను తెరమీదనే దిద్దేవారు. అంచున ఎర్రగీతలు, పక్కన చిన్న వ్యాఖ్యలు. తరువాత కవరు బరువనిపించి తీసివేశారు. కలం బల్లసొరుగులోనికి పోయినది. ఇప్పుడు ఆయన వ్యాసం చదివి, కింద 'బాగున్నది' అని ఒక్క మాట మీటలతో కొట్టి పంపుతున్నారు. కలమేమయినదని అడిగితే, "ఇంట్లోనే ఎక్కడో వున్నదండీ" అన్నారు. ఆ విద్యార్థులకు తమ వాక్యంలో తప్పెక్కడ జరిగినదో చూపే ఎర్రగీత ఇక రాదు. వారు పోగొట్టుకొన్నదేమిటో వారికి తెలియదు.

మడత ఫోనులు కలాన్ని వదలివేయడానికి వాడేవారు తక్కువనేది ఒక కారణంగా చెప్పుకోవచ్చును. కాని చోటు చూపకుండా పిలిచిన అతిథి రాలేదని నిందించడం ఎంత సబబు? కలాన్ని ప్రతి మడత ఫోనులోనూ బలవంతంగా పెట్టమని నేను అనను. పలుచదనమే కావలసినవారికి పలుచని ఫోనులు వుండనివ్వండి. కాని ఆ వరుసలో ఒక్కటైనా, రెండు మూడు మిల్లీమీటర్లు మందమైనా సరే, తనలోనే కలాన్ని దాచుకొనేది వుండాలి. కలం వేరే సరుకుగా గాక ఫోనుతోపాటు రావాలి. గుండ్రని కలం ఇమడకపోతే బల్లపరుపు కలాన్ని చేయవచ్చును. పిడిలో మొనను మడిచి దాచిన పూర్వపు కమ్మరులకు తోచిన ఉపాయం నేటి యంత్రశిల్పులకు తోచకపోదు.

కొనేవారు ఏది అడిగితే అంగడిలో అది నిలుస్తుంది. ఫోను ఎంత పలుచన అని అడిగేవారు ఇప్పటికే చాలామంది వున్నారు. బడిలో వ్రాత నేర్పేవారమూ, నేర్చేవారమూ వేరొక ప్రశ్న అడగాలి. అంగడిలో ఎవరైనా మడత ఫోనును తెరిచి, ఎంత పెద్ద పుటో చూడండని మనముందు పెట్టినప్పుడు, దీనిమీద వ్రాసే కలమెక్కడ అని అడుగుదాము. అమ్మేవాడు సొరుగులు వెదకనారంభిస్తే, ఆ ఫోనును మెల్లగా మూసి అతని చేతికే ఇచ్చివేద్దాము.