సీనియర్ అయితే పరుగు మాఫీనా?

"వయసు మీద పడింది, మోకాళ్లు కాపాడుకోవద్దా?" అంటూ, ఉరకాల్సిన చోట నడిచే సీనియర్ ఆటగాడిని వెనకేసుకొచ్చే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బేస్‌బాల్‌లో ఈ పంచాయితీ ఏళ్లుగా నడుస్తోంది. కొట్టిన బంతి నేల మీద దొర్లి ఫీల్డర్ వైపు పోయినా, బ్యాటర్ మొదటి బేస్ దాకా 90 అడుగులు పరుగెత్తాలి. ఎక్కువసార్లు ఔటే. అందుకే పేరున్న సీనియర్లు కొందరు సగం దారిలోనే వేగం తగ్గిస్తారు. తొడ కండరం పట్టేస్తే సీజనంతా పోతుందని వాళ్ల వాదన. బొగ్గు బాయిల ఊరు మా మందమర్రి మైదానాల్లోనూ అదే మాట: "ఎట్లాగూ ఔటే గదన్నా, ఉరికి ఏం జేస్తవ్?"

ఏం చేయాలో బాయి పని తెలిసిన ఊరికి ఒకరు చెప్పాలా? భూగర్భంలో పని మొదలుపెట్టే ముందు మైనింగ్ సర్దార్ గని రూఫ్‌ను తట్టి చప్పుడు వింటాడు. రోజూ గట్టి చప్పుడే వస్తుంది. ఎప్పుడో ఒకసారి బోలుగా మోగుతుంది. ఆ ఒక్కసారి కోసమే మిగతా అన్నిసార్లూ తట్టాలి. నాకు పాతికేళ్ల సర్వీసుంది, ఇక తట్టనంటే ఆ రూఫ్ కింద ఎవడు నిలబడతాడు? ఫీల్డర్ చేతిలోంచి బంతి జారే క్షణం కూడా ముందుగా చెప్పి రాదు. పైగా కొత్త కుర్రాడు చూసి నేర్చుకునేది సీనియర్‌నే. సీనియర్ నడిస్తే, వాడు ఇరవై ఏళ్లకే నడక నేర్చుకుంటాడు.

మరి నిజంగానే పరుగెత్తలేకపోతే? క్రికెటర్ వీవీఎస్ లక్ష్మణ్ ఆ రోజు ఏం చేశాడు? 2010 అక్టోబరు, మొహాలీ టెస్టు. ఆస్ట్రేలియాపై 216 కొట్టాలి, 124కే 8 వికెట్లు పోయాయి. మన హైదరాబాదీకి 35 ఏళ్లు, వెన్ను పట్టేసింది. పరుగెత్తలేనని దాచకుండా చెప్పి తన బదులు పరుగెత్తడానికి రైనాను రన్నర్‌గా పెట్టుకున్నాడు. అందులో సిగ్గేముంది? ఇషాంత్‌ను తోడు పెట్టుకుని 73 నాటౌట్‌గా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో మ్యాచ్ గెలిపించాడు. చివర్లో పరుగు దగ్గర తడబాటు వచ్చినప్పుడు, ఎన్నడూ గొంతు పెంచని ఆ మనిషి ఓజా మీద అరిచిన అరుపు టీవీ చూసినవాళ్లెవరూ మరచిపోలేదు. తర్వాతి బెంగళూరు టెస్టు ఆడలేకపోయాడు. ఆకాశం విరిగి పడిందా? ఆ మ్యాచ్‌లో పుజారా అరంగేట్రం చేసి రెండో ఇన్నింగ్స్‌లో 72 కొట్టాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్ వెసులుబాటు 2011లో పోయింది. ఒంట్లో బాగాలేనివాడు ఇప్పుడు జట్టుకు ఆ మాట ముందే చెప్పాలి.

మరి బ్యాడ్మింటన్ స్టార్ పీవీ సింధు సంగతేమిటని ఎదురడుగుతారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ దెబ్బతో ఆడి స్వర్ణం గెలిచింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలడంతో అదే నెలలో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది, మళ్లీ కోర్టులోకి వచ్చేసరికి కొత్త ఏడాది వచ్చేసింది. అంత నొప్పితో ఆడాలా వద్దా అన్నది ఆమె, ఆమె డాక్టరు తేల్చుకోవాల్సిన విషయం. ఎముక చిట్లినా ఆడమని నేను ఎవరినీ అడగను, అడిగేవాణ్ని క్షమించను. ఒళ్లు బాగుండి కూడా పరుగు దాచుకునేవాడితోనే నా పేచీ. వాణ్నీ సింధునూ ఒకే గాటన కట్టడం ఆమెకు అవమానం.

నన్ను నిజంగా ఆపే ప్రశ్న ఒక్కటే, అదీ ఇక్కడిదే. సింగరేణి జట్లలో కబడ్డీ ఆడే నడివయసు కార్మికుడికి మోకాలే బువ్వ పెడుతుంది. అది పోతే బాయిలకు ఎట్లా దిగుతాడు? 2025 దాకా అమల్లో ఉన్న గనుల చట్టం ప్రకారం భూగర్భ కార్మికుడికి ఏడాదిలో 190 మస్టర్లు (హాజరు రోజులు) నిండితేనే వార్షిక సెలవు దొరికేది. కోట్ల కాంట్రాక్టు ఉన్న స్టార్‌కు గాయమైనా జీతం ఆగదు. ఈయన నెల తిరిగేసరికి కిరాణా ఖాతా కట్టాలి. ఇద్దరినీ ఒకే తీరుగా "ఉరుకు" అనడం అన్యాయం.

అందుకని ఈయనకు పరుగు మాఫీ చేద్దామా? చేయొద్దు. ఈయన భయాన్ని తీసేయండి. కంపెనీ పేరున కూతకు వెళ్లి కాలు విరిగినవాడికి, కోలుకునేదాకా ప్రతి మస్టరూ పడాలి. బరి చదును చేయించాలి, కోర్టు పక్కన డాక్టరుండాలి. కప్పుతో ఫొటో దిగే అధికారులు, ఆటగాడు మంచం పట్టిన నెలలో అతని ఇంటికీ రావాలి. ఇవేవీ అడగకుండా గట్టు మీద కూర్చుని "ఉరుకు కాకా" అని కేకలేసే వాళ్లు ముందు నోళ్లు మూసుకోవాలి. కాంట్రాక్టు జేబులో పెట్టుకుని నడిచే స్టార్లకు మాత్రం నా దగ్గర ఏ సాకూ చెల్లదు.