కరువు కాదు, దొడ్డి

బ్రెజిల్ ఈశాన్యంలో సెయరా అనే రాష్ట్రం ఉంది. వానలు తక్కువ, వలసలు ఎక్కువ. ఆకాశం మోసం చేసింది, జనం వెళ్లిపోయారు అని పెద్దమనుషుల చరిత్ర ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అక్కడి మాటలు వింటే కథ వేరు.

ఆకలికి ఊరు విడిచినవాణ్ని ‘రెతిరాంతె’ అంటారు, తరలిపోయేవాడని. అధికారులు, పత్రికలు అదే మనిషికి పెట్టిన పేరు ‘ఫ్లజెలాదో’. అంటే కొరడా దెబ్బలు తిన్నవాడు. కొట్టిందెవరయ్యా అంటే వేలు పైకి చూపిస్తారు!

1861-65 అమెరికా అంతర్యుద్ధంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి అందలేదు. సెయరాలో తిండిపంటల చేలలోకి పత్తి వచ్చింది. యుద్ధం ముగిశాక ధర కూలింది, అప్పు మిగిలింది. (మన పత్తి రైతుకు ఈ వరస కొత్తగా చెప్పాలా?) ఆ మీదట 1877లో వాన మొహం చాటేసింది. కరువు మూడేళ్లు నడిచింది. భూమి పశువుల ఆసాములది. వాళ్ల పొలాల్లో బతికే కౌలుదారుకు, కూలీకి ఇంట్లో గింజ లేదు. ఫోర్తలేజా నగరం చేరిన నిర్వాసితుల్లో మశూచి ప్రబలి, 1878 డిసెంబరులో ఒక్కరోజే వెయ్యిమంది పోయారు. వేలమందిని ఓడలెక్కించి అమెజాన్ రబ్బరు అడవులకు తోలారు. అవే ఏళ్లలో, అదే పసిఫిక్ సముద్రపు వేడి వల్ల, మన రాయలసీమలో ధాత కరువు. ఇక్కడా జనం చస్తుంటే దేశం నుంచి తిండిగింజలు ఓడలెక్కాయి. అదీ ఆకాశమే చేసిందా?

1932లో మళ్లీ కరువు. ఆకలిజనం నగరంలో అడుగుపెట్టకుండా సర్కారు ఏడు శిబిరాలు తెరిచింది, చాలావరకు రైలుమార్గాల పక్కనే. లోపలికి వెళ్లినవాడు తన ఇష్టానికి బయటికి రాలేడు. సర్కారు లెక్కల్లో అది సాయం. జనం మాత్రం ‘కుర్రాల్’ అన్నారు. పశువుల దొడ్డి.

1943 నుంచి యుద్ధానికి రబ్బరు కావాలని మళ్లీ యాభైవేల మందికి పైగా అడవికి పంపారు. అందులో ఎక్కువమంది సెయరావాళ్లే. పేరు ‘రబ్బరు సైనికులు’, చేతిలో ఉన్నది చెట్టుకు గాటు పెట్టే కత్తి. వేలమంది తిరిగి రాలేదు. బతికినవాళ్లకు పింఛను హక్కు 1988 రాజ్యాంగంలో గానీ రాలేదు.

కరువు వచ్చినప్పుడల్లా చెరువులకు నిధులొచ్చాయి. చాలా చెరువులు ఆసాముల పొలాల్లోనే తేలాయి. దానికి అక్కడ ‘కరువు పరిశ్రమ’ అని పేరు పడింది. భూమి పంచమంటే మాత్రం నిధులుండవు, పోలీసులుంటారు.

సెనదోర్ పొంపెయు ఊళ్లో ఏటా నవంబరులో జనం ఆనాటి దొడ్డిలో చచ్చినవాళ్ల శ్మశానం దాకా నడిచి వెళతారు. దాహంతో పోయినవాళ్లకని నీళ్లు పట్టుకెళ్లి పెడతారు.