లెక్క రాయని చావులు

1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 వచ్చిందంటే మన జిల్లాల్లో జెండాలకు, మైకులకు కొదవుండదు. కేంద్రానికి అది విమోచన దినం, కమ్యూనిస్టులకు విలీన దినం. గత రాష్ట్ర ప్రభుత్వం దాన్ని జాతీయ సమైక్యతా దినంగా జరిపితే, ఇప్పటి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంటోంది. పెద్దవంగర మొదలు భూపాలపల్లి దాకా ఎవరి సభ వారిదే, ఎవరి అమరులు వారికే. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలో ఇంతగా తగువులాడుకున్న ప్రభుత్వాల్లో ఒక్కటి కూడా 1946-48 మధ్య చంపబడినవాళ్ల పేర్లు ఊరూరా తిరిగి రాయించలేదు. ఏడున్నర దశాబ్దాలు గడిచినా తీరని ఈ నేరంలో అధికారంలోకి వచ్చిన ప్రతి పార్టీకీ వాటా ఉంది.

బైరాన్‌పల్లి సంగతే చూడండి. పాత జనగామ తాలూకాలోని ఆ ఊరు బురుజు మీద కావలి కాసి, నిజాంకు కొమ్ముకాసిన రజాకార్ల దాడులను తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఊరి మీద పడ్డారు. దొరికినవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. ఎంతమందిని? ఒకరు 96 అంటారు, ఇంకొకరు 118 అంటారు. బురుజు ఉంది, స్తూపం ఉంది, ఏటా దండలు పడుతున్నాయి. అందరూ ఒప్పుకునే లెక్క మాత్రం లేదు. వీరగాథగా చెప్పుకునే ఊరికే ఈ గతి పడితే, స్తూపం కూడా లేని ఊళ్లను అడిగేదెవరు?

ఇది కథలో సగమే. భారత సైన్యం సంస్థానంలోకి దిగిన పోలీసు చర్య తర్వాత పగ అటు తిరిగింది. రజాకార్లు చేసిన పాపానికి, ఆ గుంపుతో ఏ సంబంధమూ లేని ముస్లింలు బలయ్యారు. నిజం తెలుసుకు రమ్మని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ 1948 నవంబర్, డిసెంబర్‌లలో సంస్థానంలో తిరిగింది. ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే. కొన్నిచోట్ల సైనికులే మగవాళ్లను బయటికి తెచ్చి చంపారని కూడా రాసింది. ఆ నివేదికను ఢిల్లీ అచ్చు వేయలేదు, బీరువాలో పెట్టింది. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది అందరికీ అందుబాటులోకి వచ్చేసరికి 2013 వచ్చింది.

మన ఊళ్ల చావులకు లెక్క లేదు గానీ, నాజీలు 60 లక్షల మంది యూదులను చంపిన తీరు మన పదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఉంది. పిల్లలు చదువుతారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ చదువు ఎంత ఒంటబట్టిందో 2018 ఆగస్టులో చూశాం. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా అడగడానికి ఒక తెలుగు ఎంపీ హిట్లర్ వేషం కట్టుకుని పార్లమెంటుకు వచ్చారు. మనవాళ్లలో చాలామందికి అది ఆ పూట వినోదం.

యూదుల మారణహోమాన్ని ప్రపంచం ఇంకా చదువుతున్నది హిట్లర్ ఎంత దుర్మార్గుడో చెప్పుకోవడానికి కాదు. మామూలు ఉద్యోగులు మామూలు పనివేళల్లో ఆ పని ఎలా నడిపించారో తెలుసుకోవడానికి. యూదులను మృత్యు శిబిరాలకు చేరవేసినందుకు జర్మన్ రైల్వే మూడో తరగతి ఛార్జీ లెక్కగట్టి బిల్లు వేసింది. పిల్లలకు సగం టికెట్, నాలుగేళ్లలోపు వారికి ఉచితం, 400 మంది దాటితే రాయితీ. ఆ బిల్లు రాసిన గుమాస్తా ఎవరినీ చంపలేదు. అతను లేకుండా ఆ చావులూ లేవు. ఇది తెలిసింది కాగితాలు మిగిలినందువల్ల, వాటిని ఓపికగా చదివినవాళ్లు ఉన్నందువల్ల.

వార్సా ఘెట్టోలో ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లమ్ అనే చరిత్రకారుడు, ఆయన సహచరులు తమ చావు ఖాయమని తెలిసి కూడా డైరీలు, రేషన్ కార్డులు, గోడపత్రికలు పోగుచేశారు. రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టారు. యుద్ధం ముగిశాక 1946లో, 1950లో అందులో చాలా భాగం తవ్వి తీశారు. జెరూసలేంలోని యాద్ వషెమ్ సంస్థ బంధువుల చేత ఒక్కొక్క మృతుడికి ఒక్కొక్క సాక్ష్య పత్రం నింపించింది. అవీ, ఇతర రికార్డులూ కలిపి దాదాపు 50 లక్షల పేర్లు తేల్చింది. ప్రాణం మీదికి వచ్చిన ఖైదీలు కాగితాన్ని కాపాడితే, స్వతంత్ర దేశపు ప్రభుత్వం కాగితాన్ని దాచింది.

యూరప్‌లో జరిగిందీ ఇక్కడ జరిగిందీ ఒకటేనని మేం అనడం లేదు. ఒక జాతిని ఆనవాలు లేకుండా చేయాలని ఒక రాజ్యం వేసిన పథకం అక్కడిది. కానీ ఒక్క పేరునూ వదలకుండా రాయాలన్న పట్టుదలను అక్కడి నుంచి నేర్చుకోవడానికి అడ్డేముంది? పాత గాయాలు కెలకొద్దని నాయకులు సుద్దులు చెబుతారు. ఏటా సభ పెట్టి సగం గాయాన్నే కెలుకుతున్నది వాళ్లే. సుందర్‌లాల్ నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు తమతో మగ్గం నేసే ముస్లింలకు అడ్డంగా నిలబడ్డారు, ప్రాణాలూ పోగొట్టుకున్నారు. కొడకండ్ల చుట్టుపక్కల నేత కుటుంబాల పిల్లలకు ఈ సంగతి బడిలో ఎవరైనా చెప్పారా? నివేదికను దాచినవాళ్లు హంతకులతో పాటు ఈ మంచివాళ్లను కూడా దాచారు.

కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం వచ్చే సెప్టెంబర్‌లోగా సుందర్‌లాల్ నివేదికను తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయాలి. గ్రామ పంచాయతీల ద్వారా మృతుల రిజిస్టరు తెరవాలి. పేరు, వయసు, వృత్తి, ఎవరి చేతిలో ఎలా చనిపోయారన్నవి రాయాలి. దొర గూండాల తూటాకు కడవెండిలో ఒరిగిన దొడ్డి కొమరయ్య పేరూ, పోలీసు చర్య తర్వాత చంపబడిన పేద ముస్లిం పేరూ ఒకే రిజిస్టరులో ఉండాలి. ఇందుకు కావలసింది కొన్ని పుస్తకాలు, కొంతమంది గుమాస్తాలు, దాచకూడదన్న బుద్ధి. ఆ మూడోది లేని ప్రభుత్వానికి సెప్టెంబర్ 17న జెండా ఎగరేసే అర్హత లేదు.