కాన్పు బల్ల మీద అడగొద్దు

నొప్పులు పడుతున్న మనిషిని 'పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేద్దామా' అని అడిగితే ఏం చెబుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. కాపర్-టి వాడేవారు ఒక్క శాతం కూడా లేరు. ఇక హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికైతే, ఆమె అన్నీ తెలిసి ఒప్పుకుంటే తప్ప, ఈ ఆపరేషన్ చేయరాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం స్పష్టంగా చెప్పింది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వేసుకుంటే బిడ్డకు వైరస్ సోకే ముప్పు బాగా తగ్గుతుంది. ఆరోగ్యం నిలకడగా ఉంటే కాపర్-టి వేయించుకోవచ్చు, వద్దనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. ఏది ఎంచుకున్నా కండోమ్ మానకూడదు, ఆపరేషన్ వైరస్‌ను ఆపదు. అందుకే మన కొండాపురంలో ఏఎన్ఎంలు ఈ సంగతులన్నీ ఆరో నెలలోనే, అత్తగారు పక్కన లేనప్పుడు, గుట్టు బయటపడకుండా చెప్పాలి. భర్తతో వేసెక్టమీ మాటా ఎత్తాలి.