స్పెషలిస్టు క్లినిక్ చేతులు మారితే రోగుల మాటేమిటి? అండమాన్‌లో ఈ ప్రశ్న ఎందుకు కీలకం

ఒక స్పెషలిస్టు డాక్టరు ఏళ్ల తరబడి నడిపిన క్లినిక్‌ను మరొకరికి అమ్మాలనుకుంటే కొనేవారు దేనికి ధర కడతారు? భవనం అద్దె ఒప్పందానికీ, యంత్రాలకూ విలువ కట్టడం తేలికే. ఆ డాక్టరు మీది నమ్మకంతో వచ్చే రోగులకు విలువ కట్టడమే చిక్కు.

శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని డైరీ ఫార్మ్ వంటి ప్రాంతాల వారికి ఇది కేవలం వ్యాపార విషయం కాదు. దీవుల్లో ఒక విభాగానికి చెందిన క్లినిక్ మూతపడితే, దాని రోగులకు మిగిలేది ప్రభుత్వ జీబీ పంత్ ఆసుపత్రి లేదా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని చెన్నై. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. తమ భాషలో మాట్లాడే డాక్టరు వెళ్లిపోతే వారికి నష్టం మరింత ఎక్కువ.

హైదరాబాద్ చూపిన దారి

పెద్ద నగరాల్లో ఇటువంటి అమ్మకాలు ఇప్పుడు కొత్తేమీ కాదు. ఆర్థోపెడిక్ సర్జన్ డాక్టర్ గురవారెడ్డి నెలకొల్పిన సన్‌షైన్ ఆసుపత్రుల్లో మెజారిటీ వాటాను 2021లో కిమ్స్ కొనుగోలు చేసింది. మూత్రపిండ వైద్యానికే పరిమితమైన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రాలజీ అండ్ యూరాలజీలో మెజారిటీ వాటాను 2023లో ఏషియా హెల్త్‌కేర్ హోల్డింగ్స్ సుమారు 600 కోట్ల రూపాయలకు దక్కించుకుంది.

ఈ రెండింటిలోనూ వ్యవస్థాపక వైద్యులు అమ్మకం తర్వాత కూడా కొనసాగారు. కొనుగోలుదారులు చెల్లించిన ధరలో పెద్ద భాగం ఆ వైద్యుల పేరుకే కాబట్టి, వారు వెళ్లిపోతే ఆ విలువ కూడా కరిగిపోతుంది. ఒకే డాక్టరుతో నడిచే చిన్న క్లినిక్‌కు ఈ సూత్రం మరింత బలంగా వర్తిస్తుంది.

అమ్మడానికి వీల్లేనివి

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం–2010 ఢిల్లీ మినహా అన్ని కేంద్రపాలిత ప్రాంతాల్లోనూ అమలులో ఉంది. దాని ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రాన్ని బదిలీ చేయడం కుదరదు. యాజమాన్యం మారితే ఆ సంగతిని రిజిస్ట్రేషన్ అధికార సంస్థకు తెలియజేయాలి. చిరునామా లేదా వైద్య కేంద్రం తరగతి మారితే పాత ధ్రువపత్రాన్ని అప్పగించి కొత్తది పొందాలి.

స్త్రీ వైద్య నిపుణుల క్లినిక్‌లలో ఉండే అల్ట్రాసౌండ్ యంత్రానికి నిబంధనలు ఇంకా కఠినం. లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద నమోదైన కేంద్రాలకే ఆ యంత్రాన్ని అమ్మవచ్చు. యాజమాన్యం మారితే పాత నమోదు చెల్లదు. దీన్ని గమనించక యంత్రంతో సహా బేరం కుదుర్చుకుంటే, కొన్నవారు మొదటి రోజే చట్టం ముందు దోషిగా నిలబడే ప్రమాదం ఉంది.

రోగులను కూడా సరుకులా లెక్కించకూడదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి, రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నిషేధిస్తుంది. కాబట్టి పంపిన ప్రతి రోగికీ ఇంత వాటా అంటూ రాసుకునే ఒప్పందం అమ్మినవారినీ కొన్నవారినీ ఇరుకున పెడుతుంది. రోగి కోరితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని కూడా అదే నియమావళి చెబుతుంది.

దీవిలో పోటీ నిషేధం

అన్నింటికన్నా సున్నితమైనది, అమ్మిన డాక్టరు మళ్లీ అక్కడే ప్రాక్టీస్ పెట్టకూడదనే షరతు. వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం చెల్లవు. గుడ్‌విల్ అమ్మకానికి మాత్రం మినహాయింపు ఉంది. నిర్దిష్ట స్థానిక పరిధిలో, అదీ సహేతుకంగా ఉంటేనే, ఆ షరతు నిలుస్తుంది.

కొనుగోలుదారు కోణంలో ఇది న్యాయమే. అమ్మినవారు ఎదురు వీధిలోనే మళ్లీ బోర్డు పెడితే, కట్టిన సొమ్ముకు అర్థం ఉండదు. హైదరాబాద్‌లో ఐదు కిలోమీటర్ల పరిధి విధించినా, రోగి మరో పేటకు వెళ్లి అదే డాక్టరును కలవగలడు. దక్షిణ అండమాన్‌లో అదే పరిధి దాదాపు పట్టణమంతటినీ కప్పేస్తుంది. కొన్నవారు మధ్యలో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే ఆ విభాగంలో ప్రైవేటు వైద్యమే కరవవుతుంది.

ఈ చిక్కును బ్రిటన్ వేరే రీతిలో విప్పింది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు, అందులో చేరిన కుటుంబ వైద్యులు ప్రాక్టీస్ గుడ్‌విల్‌ను అమ్ముకోవడాన్ని నిషేధించింది. బదులుగా 6.6 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. ప్రభుత్వమే వైద్యుల ఆదాయానికి హామీ ఇచ్చినందున అది సాధ్యమైంది. ఇక్కడ ప్రైవేటు డాక్టరుకు పింఛను లేదు. జీవితకాలం కట్టుకున్న పేరే ఆయన పొదుపు.

అందువల్ల నిషేధం కన్నా ఒప్పందం రాసే తీరే ముఖ్యం. అమ్మే డాక్టరు కొన్ని నెలలు కొత్తవారితో కలిసి కూర్చోవడం, రోగులకు ముందుగా తెలియజేయడం, రికార్డులు తీసుకుని వేరే చోటికి వెళ్లే స్వేచ్ఛ వారికి ఇవ్వడం, కొన్నవారు క్లినిక్ మూసేస్తే పోటీ నిషేధమూ రద్దయ్యేలా స్పష్టంగా రాసుకోవడం అవసరం. డైరీ ఫార్మ్‌లోని రోగికి క్లినిక్ ఎంతకు అమ్ముడైందో తెలియనక్కర్లేదు. వచ్చే నెల తనకు మందులు రాసేదెవరో మాత్రం ముందే తెలియాలి.