కంచుకోటకు దారి వడపళని మీదుగా

రాక్షసుడు ఎలా ఉంటాడని తెలుగు పిల్లవాణ్ణి అడిగితే తడుముకోడు. కోరలు, గుబురు మీసాలు, భుజాన గద. 1977లో అమెరికాలో అచ్చయిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో మాత్రం రాక్షసుడికి పులి తల ఉంది, నోట్లో పొగగొట్టం ఉంది. మతగురువు దీవించిన బాణం తగిలితే చాలు, చచ్చిపోతాడు. ఆ బాణం సంగతి అంతకు మూడేళ్ల ముందు అమెరికా టీవీలో వచ్చిన ఒక రాక్షసుడి కథలోనూ ఉంది. మనవాడు సముద్రాలు దాటి వెళ్లి అంత మారిపోయాడు.

ఆ పుస్తకం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటకు సంబంధించింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర. గోడ దూకగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో దీన్ని తెచ్చినప్పుడు కథ జరిగే లోకమంటూ ఏదీ ఇవ్వలేదు, ఎవరిది వారే కల్పించుకోమన్నారు. తరువాత ఆ ధైర్యం నిలవలేదు. 2000లో వచ్చిన మూడో కూర్పుకు గ్రేహాక్ ఆధారలోకం. 2008లో నెంటిర్ వేల్ అనే చిన్న లోయ. 2014 తరువాత ఫర్‌గాటెన్ రెల్మ్స్. 2024లో కథ నడిపేవారి పుస్తకంలోకి ఉదాహరణగా మళ్లీ గ్రేహాక్. అద్దె ఇళ్లు మారినట్టు లోకాలు మారుతూ వచ్చాయి.

ఇంత తర్జనభర్జన ఎందుకంటే, ఆధారలోకం అంటే పటం, రాజుల వంశావళి మాత్రమే కాదు. ఆడేవాళ్లకు విడమరిచి చెప్పక్కరలేని సంగతులన్నీ కలిస్తే అదే ఆధారలోకం. అమెరికా ఆటలో కథ తరచు సారాయి అంగడిలో మొదలవుతుంది, ఎందుకని ఎవరూ అడగరు. తెలుగు కథలో ఊరు కాని ఊరికి చీకటిపడే వేళకు చేరిన కుర్రవాడు ఎక్కడ దిగుతాడు? పేదరాశి పెద్దమ్మ ఇంట్లో. అన్నం పెడుతుంది, నగరంలో వింతలు చెబుతుంది, ఏ కోట వైపు వెళ్లకూడదో హెచ్చరిస్తుంది. వెళ్లవద్దన్న వైపే వెళతాడని ఆవిడకూ తెలుసు. ఆట మొదలు పెట్టడానికి ఇంతకంటే మంచి గడప ఏ దేశపు నియమాల పుస్తకంలోనూ లేదు.

తెలుగువారి ఈ లోకం పల్లెల్లో పుట్టినా, దానికి రూపురేఖలు దిద్దింది మాత్రం మద్రాసు. 1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’ మాయల మరాఠీ ప్రాణాన్ని చిలకలో దాచి తెర మీద చూపించింది. 1951లో విజయా వారి ‘పాతాళభైరవి’ వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, వడపళనిలోని వాహినీ స్టూడియోలో సెట్లు. కథాస్థలం ఉజ్జయిని, మాంత్రికుడిది నేపాళం. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగు మాట్లాడుతుంటే ప్రేక్షకుల్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే అది మధ్యప్రదేశ్‌లోని ఉజ్జయిని కాదు, కథల ఉజ్జయిని.

ఆ విజయా సంస్థ అధినేతలు నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జూలైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. క్రమంగా అది డజను భాషల్లోకి వెళ్లింది. కథలో గోదావరి అని రాస్తే కన్నడ, ఒరియా పిల్లలందరికీ అది తమ నది కావాలి కదా. అందుకే రాజ్యాలకు దిక్కులు, పటాలు లేవు. ఏ భాషవాడు చదివినా పక్క ఊరే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది. దెయ్యాలను నమ్మని మనిషి చేతుల మీదుగా నెలనెలా దెయ్యాలు వెలువడ్డాయి, అదీ సాఫీ అయిన వాడుక తెలుగులో. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’ సీరియళ్లకు ‘చిత్ర’ అనే చిత్రకారుడు బొమ్మలు వేశారు. కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ తమిళుడు. తెలుగు లోకం సగం తమిళ కుంచెతో కళ్లు తెరిచింది.

ఆటకు కావలసిన నియమాలూ ఈ కథల లోకంలోనే ఉన్నాయి. బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. రెండు వైపులా నష్టమే ఉన్న ఇలాంటి ఎత్తు కోసం ఆటలు తయారుచేసేవాళ్లు తల బద్దలు కొట్టుకుంటారు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ సంగతీ అంతే. మణిసిద్ధుడు, గోపకుమారుడు కాశీకి నడుస్తారు, మజిలీకో కథ. ఆదివారానికి ఒక మజిలీ చొప్పున ఆడినా ఏళ్ల తరబడి సరిపోతుంది.

అలాగని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే కుదరదు. ఈ లోకంలో రాజకుమార్తె బహుమతి, అర్ధరాజ్యం పక్కన ఇచ్చే కొసరు. కొండజాతులవాళ్లు కనిపిస్తే నరబలికి సిద్ధమవుతున్నారనే అర్థం. కులం ఊరినిండా ఉంటుంది, దాని బాధ మాత్రం కథలోకి రాదు. అమెరికా ప్రచురణకర్తలు 2020లో తమ ఆటలోని ఓర్క్ అనే జాతివాళ్లను పుట్టుకతోనే దుష్టులుగా చూపే పద్ధతి మార్చుకుంటామని ప్రకటించారు. తెలుగు జానపద లోకంలో ఆ లెక్క ఇంకా ఎవరూ తేల్చలేదు. అయితే ఆటలో ఒక సదుపాయం ఉంది: రాజకుమార్తె పాత్ర ధరించిన అమ్మాయి, మాంత్రికుడి గుహకు తానే వెళతానంటే కథ నడిపేవారు కాదనలేరు.

వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, పెద్ద మాల్ ఉన్నాయి. ‘చందమామ’ ఆగిపోయి పదేళ్లు దాటింది. శంకర్ 2020లో చెన్నైలో పోయారు, మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. ఆ లోకాన్ని కన్నవాళ్లు వెళ్లిపోయారు, చదివినవాళ్లు ఇంకా ఉన్నారు. చెన్నైలో వారాంతాల్లో పాచికలు దొర్లించే తెలుగు కుర్రకారు ఒకసారి ఇంట్లో అమ్మమ్మల్ని అడిగి, పేదరాశి పెద్దమ్మ గడప నుంచి ఆట మొదలుపెట్టి చూడాలి. నియమాలు రాసుకుంటే చిత్తుప్రతి ఈ పత్రికకు పంపవచ్చు. బాగుంటే అచ్చు వేస్తాం.