కంప్యూటర్ కబుర్లు: పాత విండోస్‌ను పారేసే ముందు

ఈ సంచిక కబుర్లు కెలవరపల్లి ఆనకట్ట పక్కనున్న ఊరి నుంచి ఒక అక్కయ్య వాట్సాప్‌లో పంపిన ఉత్తరంతో మొదలుపెడదాం. ఆమె మాటల్లోనే చదవండి.

"మా పాత కంప్యూటర్ని అంగడిలో ఇచ్చి విండోస్ కొత్తగా వేయించినాము. ఆరు దినాలయింది. ఇప్పుడు సి డ్రైవ్ నిండిపోయిందని ఎర్రగీత చూపిస్తా ఉంది. లోపల చూస్తే విండోస్ డాట్ ఓల్డ్ అని ఒక ఫోల్డరు, ఇరవై జీబీకి పైన ఉంది. పాతదే కదా, తీసేద్దామా? ఇంకొక మాట. మా మామగారు టైపు చేయించి పెట్టుకున్న భజన పాటలు, మా ఇంటి వంశవృక్షం, పెళ్ళి ఫోటోలు అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండె. ఇప్పుడు ఒకటీ కనబడలేదు. మామగారు పోయి రెండేండ్లయింది. ఏమి చేసేది?"

చూశారా! ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. కాని వెతుకుతున్న వస్తువులూ, పారేద్దామనుకుంటున్న మూటా ఒకే చోట ఉండే అవకాశం ఎక్కువ. పైగా ఆ మూటకు గడువుంది. మన పత్రిక మూడు నెలలకొకసారి వస్తుంది, విండోస్ ఇచ్చే గడువు పది రోజులు! అందుకని ఆమెకు ఆ సాయంత్రమే ఫోనులో చెప్పవలసింది చెప్పాము. ఇటువంటి అవస్థ చాలా ఇళ్ళలో ఉంటుంది కాబట్టి ఇప్పుడు అందరి కోసం వివరంగా రాస్తున్నాము. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో పాతది తీసి విండోస్ 11 వేయించుకుంటున్నవారు మనలో ఎందరో ఉన్నారు.

ఈ మిగులు ఫైళ్ళు ఎందుకు ఉంటాయి?

పాత ఇల్లు విప్పి అదే స్థలంలో కొత్తిల్లు కట్టుకునేటప్పుడు సామానంతా పక్కన ఒక పాకలో పడేస్తాము కదా. విండోస్ చేసేదీ అదే. కొత్త విండోస్ వచ్చి కూర్చునేటప్పుడు పాతదాన్ని వెంటనే చెరిపేయదు. విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరులోకి జరుపుతుంది. కొత్తది మీకు నచ్చకపోయినా, ప్రింటరు పనిచేయకపోయినా తిరిగి వెనక్కి వెళ్ళడానికి ఈ ఏర్పాటు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ అన్న చోట 'గో బ్యాక్' అనే మీట ఉంటుంది. మామూలుగా అప్‌గ్రేడ్ చేసుకున్నప్పుడు అది పది రోజులు పనిచేస్తుంది. తర్వాత పాకను విండోసే కూల్చేస్తుంది. విండోస్ 10 వచ్చిన కొత్తలో, 2015లో, ఈ గడువు నెల రోజులుండేది. 2016లో పదికి తగ్గించారు.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉంది. సెట్టింగ్స్ ద్వారా మామూలుగా అప్‌గ్రేడ్ చేసుకుంటే మీ ఫోటోలు, కాగితాలు కొత్తింట్లోకే వచ్చేస్తాయి. పాకలో మిగిలేది చాలావరకు పాత విండోస్ సొంత సామానే. అలా కాక డిస్కును ఫార్మాట్ చేయకుండా 'కస్టమ్' పద్ధతిలో వేసినా, 'ఏమి ఉంచుకోవాలి' అని అడిగినప్పుడు 'నథింగ్' అని నొక్కినా మీ సొంత ఫైళ్ళు కూడా పాకలోకే పోతాయి. కొత్త కంప్యూటరు ఖాళీగా కనబడుతుంది. అంగడివారు ఏ పద్ధతిలో వేశారో మనకు తెలియదు. కాబట్టి తీసేముందు పాకలోకి తొంగి చూడడం ఒక్కటే దారి.

ముందు వెతకండి, తర్వాత తీయండి

సి డ్రైవ్ తెరిచి విండోస్ డాట్ ఓల్డ్‌లోకి, అందులో 'యూజర్స్'లోకి, అందులో మీ పాత పేరున్న ఫోల్డరులోకి వెళ్ళండి. అనుమతి లేదని అడ్డుపడితే 'కంటిన్యూ' నొక్కండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడండి. కావలసినవి పెన్‌డ్రైవ్‌కో బయటి హార్డ్‌డిస్కుకో 'కాపీ' చేయండి, 'కట్' చేయవద్దు. కాపీ అయిపోయాక ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంకొక కంప్యూటరులో పెట్టి నాలుగైదు ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

మన తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇళ్ళలోకి వచ్చినా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మన పెళ్ళిపత్రికలు, పాటల పుస్తకాలు, సంఘాల సంచికలు అను, శ్రీలిపి వంటి ఫాంట్లలోనే తయారయ్యాయి. ఆ ఫైళ్ళను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఫైలు చెడిపోయిందనుకుని పారేసేవారున్నారు. చెడిపోలేదు! చదివే కళ్ళద్దాలు లేవు, అంతే. ఆ కళ్ళద్దాలు కూడా ఈ పాకలోనే ఉంటాయి. విండోస్ డాట్ ఓల్డ్‌లో 'విండోస్', అందులో 'ఫాంట్స్' అనే చోట పాత తెలుగు ఫాంట్లు ఉన్నాయేమో చూసి, అవి కూడా కాపీ చేసి పెట్టుకోండి. పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములను మాత్రం ఇలా కాపీ చేసి లాభం లేదు. వాటిని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే.

కెలవరపల్లి అక్కయ్య ఇంట్లో జరిగినదీ ఇదే. ఫోటోలు యూజర్స్‌లో దొరికాయి. భజన పాటల ఫైలు దొరికింది గాని తెరిస్తే అంతా గుర్తులే. ఫాంట్స్ ఫోల్డరులోంచి పాత ఫాంటు తెచ్చి వేశాక పాటలు చదవడానికి వచ్చాయి. వంశవృక్షం ఆ ఫైలు చివరి పుటల్లోనే ఉంది. వెంటనే ముద్రించి పెట్టుకోమన్నాము. కాగితానికి అప్‌డేట్లు ఉండవు కదా!

తీసే పద్ధతి

ఇప్పుడు పాకను కూల్చవచ్చు. విండోస్ డాట్ ఓల్డ్‌ను పట్టుకుని డిలీట్ మీట నొక్కవద్దు. చాలాసార్లు అనుమతి లేదని మొరాయిస్తుంది, సగం పోయి సగం మిగులుతుంది. విండోసే ఇచ్చిన దారి ఉంది.

1. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించండి. మామూలు కంప్యూటరైతే యూపీఎస్ ఉందో లేదో చూడండి. కరెంటు వస్తూ పోతూ ఉండే పూట ఈ పని పెట్టుకోవద్దు.

2. స్టార్ట్ నొక్కి 'డిస్క్ క్లీనప్' అని వెతకండి. సి డ్రైవ్ ఎంచుకోండి. కిందనున్న 'క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్' మీట తప్పక నొక్కండి. అది నొక్కితేనే అసలు జాబితా వస్తుంది.

3. జాబితాలో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' అన్నదే మన పాక. 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' అంటే నెలనెలా వచ్చే అప్‌డేట్ల మిగులు. 'డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్' అంటే ఇతర కంప్యూటర్లతో పంచుకోవడానికి దాచిన అప్‌డేట్ల నకళ్ళు. 'టెంపరరీ ఫైల్స్' పేరులోనే ఉంది. ఈ నాలుగూ తీసేయవచ్చు.

4. ఓకే నొక్కి ఓపికపట్టండి. పాత కంప్యూటరులో గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కొంత పని కంప్యూటరును మళ్ళీ తెరిచేటప్పుడు పూర్తవుతుంది. మధ్యలో స్విచ్ ఆపవద్దు.

గుర్తుంచుకోండి, ఇలా తీసినవి రీసైకిల్ బిన్‌లోకి పోవు. నేరుగా పోతాయి. 'గో బ్యాక్' కూడా వాటితో పోతుంది. కాబట్టి కొత్త విండోస్‌లో ప్రింటరు, స్కానరు, తెలుగు టైపింగు సరిగ్గా ఉన్నాయని తేలాకే తీయండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అనే ఇంకొక దారీ ఉంది. అదీ మంచిదే. కాని ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' అనే గడి కూడా ఉంటుంది. దాన్ని తాకవద్దు! పట్టా, చిట్టా, ఈసీ, పిల్లల హాల్‌టికెట్లు, బ్యాంకు కాగితాలు మనందరికీ పడి ఉండేది అక్కడే. అన్ని గడులూ టిక్కు పెట్టేద్దామనే ఉత్సాహం ఇక్కడ పనికిరాదు.

తాకకూడనివి

సి డ్రైవ్‌లో 'విండోస్' ఫోల్డరులోపల 'విన్ ఎస్ఎక్స్ఎస్' అని ఒకటుంటుంది. దాని సైజు చూసి గుండె గుభేలుమంటుంది. కాని ఆ అంకె నిజం కాదు. ఒకే ఫైలు రెండు చోట్ల రెండు పేర్లతో కనబడే ఏర్పాటు విండోస్‌లో ఉంది. లెక్కపెట్టేటప్పుడు ఆ ఫైలు రెండుసార్లు లెక్కకు వస్తుంది. దక్షిణ పినాకిని కెలవరపల్లి దగ్గర నురగలు కక్కే రోజుల్లో చూశారు కదా, ఏరంతా నిండి పొంగినట్టే ఉంటుంది, కింద నీళ్ళు కొంచెమే. ఇదీ అటువంటి పొంగే. ఆ ఫోల్డరులోంచి చేత్తో ఫైళ్ళు తీసేస్తే విండోస్ తెరుచుకోకపోవచ్చు, ఇక ముందు అప్‌డేట్లు ఎక్కకపోవచ్చు. అందులో నిజంగా పనికిరానివాటిని విండోస్ తనే ఏరుకుంటుంది. కొత్త భాగం వచ్చాక పాతదాన్ని ముప్పై రోజులు ఉంచి తర్వాత తీసేస్తుంది. తొందరగా కావాలంటే పైన చెప్పిన 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' చాలు.

అలాగే 'విండోస్'లోపలి 'ఇన్‌స్టాలర్' ఫోల్డరును కూడా వదిలేయండి. చూడడానికి మిగులు ఫైళ్ళలాగే ఉంటాయి. కాని ఏదైనా ప్రోగ్రామును బాగుచేయాలన్నా, తీసేయాలన్నా అవే కావాలి. 'ఒక్క నొక్కుతో కంప్యూటరు శుభ్రం' అని ప్రకటించే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టవుతుంది.

తయారుచేసినవారికే తప్పలేదు

మిగులనుకున్నది మిగులు కాకపోతే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్‌కే ఒకసారి అనుభవమైంది. 2018 అక్టోబరు 2న విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ విడుదల చేశారు. కొందరు తమ డాక్యుమెంట్స్ ఫోల్డరును సి డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కు మార్చుకుని ఉంటారు. అప్పుడు సి లో పాత ఫోల్డరు ఉత్తదిగా మిగిలిపోతుంది. ఈ ఉత్త ఫోల్డర్లు అడ్డంగా ఉన్నాయని, కొత్త అప్‌డేట్ వాటిని తీసేసేలా రాశారు. కాని కొందరి ఇళ్ళలో అవి ఉత్తవి కావు. పాత ఫైళ్ళు అందులోనే ఉండిపోయాయి. అప్‌డేట్ వాటినీ ఊడ్చేసింది. ఫిర్యాదులు రాగానే కొద్ది రోజుల్లోనే ఆ అప్‌డేట్‌ను నిలిపివేశారు. సరిచేసి నవంబరు 13న మళ్ళీ విడుదల చేశారు. ఫైళ్ళు పోయాయని తెలిపినవారు పదివేలలో ఒకరేనని కంపెనీ చెప్పింది. కాని పోయిన ఇంటివారికి పోయింది మొత్తమే కదా.

అన్నీ తెలిసిన ఇంజనీర్లే లోపలేముందో చూడకుండా ఊడ్చి చిక్కులో పడ్డారంటే మనమెంత? 'ఉత్తదే' అని మనసు చెప్పినా ఒకసారి తెరిచి చూడడం మంచిది.

రెండు హెచ్చరికలు

ఒకటి, ఫోను గురించి. ఫోనులో చోటు చాలకపోతే 'క్లియర్ క్యాష్' నొక్కవచ్చు. దాని పక్కనే ఉండే 'క్లియర్ స్టోరేజ్' లేక 'క్లియర్ డేటా' నొక్కవద్దు. వాట్సాప్‌లో అది నొక్కితే, బ్యాకప్ లేకపోతే సంభాషణలు పోయినట్టే.

రెండు, "మేము మైక్రోసాఫ్ట్ నుంచి, మీ కంప్యూటరు చెత్తతో నిండిపోయింది, మేము శుభ్రం చేస్తాము" అని ఎవరైనా ఫోను చేస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ మనం అడగకుండా ఇళ్ళకు ఫోను చేయదు. తెరను వారికి అప్పగిస్తే బ్యాంకు ఖాతా అప్పగించినట్టే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

చివరగా, కొత్త విండోస్ వేయించడానికి కంప్యూటరును అంగడికి ఇచ్చే ముందే ఇంట్లోని తెలుగు కాగితాలు, ఫోటోలు బయట ఒక చోట కాపీ చేసుకోండి. అంగడివారిని "మా ఫైళ్ళు ఎక్కడ పెడతారు?" అని అడగడానికి మొగమాటపడవద్దు. ఇంటికి తెచ్చిన రోజే కాలెండరులో పదో రోజుకు గుర్తు పెట్టుకోండి. పెద్దవాళ్ళ రాతలు ఇప్పటికీ పాత ఫాంట్లలోనే ఉన్నవారు, ఆ ఫాంటు పేరు కనుక్కుని మాకు రాయండి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఎలాగో వచ్చే సంచికలో చెప్పుకుందాం.